కలిసి చేసే పరిశోధన: నడిపించేదెవరు?

ఇంజనీరింగ్ కళాశాలలో ఒక ప్రొఫెసరు, వైద్య కళాశాలలో ఒక డాక్టరు, ఏదో ఒక జాతీయ ప్రయోగశాలలో ఒక శాస్త్రవేత్త కలిసి ఒక సమస్యను చేపట్టడం ఇవాళ కొత్తేమీ కాదు. నిధులిచ్చే సంస్థలే కలిసి రమ్మని అడుగుతున్నాయి. 2015 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఐఐటీలు, ఐఐఎస్సీ ముందుండి నడిపేలా ‘ఇంప్రింట్’ పథకాన్ని మొదలుపెట్టింది. అందులో ఎంచుకున్న 10 రంగాల్లో ఇంధనం ఉంది, ఆరోగ్య రక్షణ ఉంది, కొత్త పదార్థాల తయారీ ఉంది. ఇవేవీ ఒక్క శాఖకు లొంగే సమస్యలు కావు. కాబట్టి కలిసి చేయాలా, వద్దా అన్నది తేలిపోయిన విషయమే. తేలనిది ఒకటుంది. నలుగురు కలిసి తలపెట్టిన పనిని రోజూ నడిపించేదెవరు? ఆ నడిపించడాన్ని మన విశ్వవిద్యాలయాలు ఒక పనిగా గుర్తిస్తున్నాయా? ఈ కాసేపూ ఆ సంగతే మాట్లాడతాను.

డాక్టర్ ఏ.పీ.జే. అబ్దుల్ కలాం గారు చాలా సభల్లో చెప్పిన ఒక ఉదంతం మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన హైదరాబాదులో క్షిపణుల ప్రయోగశాలలో ఉన్న రోజుల్లో నిమ్స్ ఆస్పత్రి నుంచి ఒక ఎముకల డాక్టరు వచ్చి, అగ్ని క్షిపణి కోసం తయారైన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. చూసి, కలాం గారిని తన ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న కాలిపర్లు కట్టుకుని కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి.

ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు నిండిపోతుంది. అయినా ప్రాజెక్టులు నడపబోయేవాళ్లు దాన్నే నమూనాగా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. అక్కడ పదార్థం అప్పటికే సిద్ధంగా ఉంది. అచ్చు తీసి మలచగలవాళ్లు అదే ప్రాంగణంలో ఉన్నారు. పని మొదలుపెట్టండి అని చెప్పగల అధికారం ఒకే మనిషి చేతిలో ఉంది. ఆస్పత్రి అదే ఊళ్లో ఉంది. విశ్వవిద్యాలయాల మధ్య నడిచే ప్రాజెక్టుకు ఈ సౌకర్యాలేవీ ఉండవు. ముగ్గురు భాగస్వాములకు ముగ్గురు రిజిస్ట్రార్లు, మూడు అకౌంట్స్ సెక్షన్లు, మూడు రకాల సెలవులు, మూడు రకాల పరీక్షల కాలాలు. మంచి మనుషులు కలిస్తే చాలు, పని దానంతట అదే అయిపోతుందన్న నమ్మకం అలాంటి చోట మొదటి ఏడాది దాటదు.

అందుకే ఇంకో ఉదాహరణ చెబుతాను. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో గుండె కవాటం తయారైన తీరు అది. కలిసి చేసే పరిశోధనకు మన దేశంలో అంతకన్నా మంచి పాఠ్యగ్రంథం నాకు తెలిసినంతలో లేదు.

చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్లవాత జ్వరంగా మారి, చివరికి గుండె కవాటాలను పాడుచేసే జబ్బు ఒకటుంది. ఎక్కువగా పేదిళ్ల పిల్లలకే వస్తుంది. కవాటం పూర్తిగా చెడితే దాన్ని తీసి కృత్రిమ కవాటం అమర్చాలి. 1970లలో అవి విదేశాల నుంచే రావాలి. జబ్బు పేదవాళ్లది, వస్తువు ధర మాత్రం వాళ్లకు అందనిది. 1974లో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ అనే గుండె శస్త్రచికిత్స నిపుణుడు ఈ సంస్థకు వచ్చారు. తిరువాన్కూరు రాజకుటుంబం 1973లో ప్రజల కోసం ఇచ్చిన భవనంలో ఆస్పత్రి మొదలైంది. ఆయన అక్కడితో ఆగలేదు. ఇంజనీర్లకు, పదార్థ శాస్త్రజ్ఞులకు ప్రత్యేకంగా ఒక విభాగం కావాలన్నారు. పూజపురలో సాటెల్‌మండ్ ప్యాలెస్ అనే పాత రాజభవనంలో ఆ విభాగం వెలిసింది. 1980లో పార్లమెంటు చట్టం చేసి ఆ సంస్థకు జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. ఆస్పత్రి, ప్రయోగశాల రెండూ ఒకే డైరెక్టరు కింద, ఒకే బడ్జెట్టు కింద నడవడం ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయమని నేననుకుంటాను.

కవాటం అంటే చూడటానికి చిన్న వస్తువు. ఒక లోహపు వలయం, అందులో ఒక పక్కకు వాలి తెరుచుకుని మళ్లీ మూసుకునే పలుచని బిళ్ల, ఆ బిళ్ల జారిపోకుండా పట్టి ఉంచే రెండు కమ్మీలు. కానీ దానికి విశ్రాంతి లేదు. నిమిషానికి 72 సార్ల చొప్పున లెక్కేయండి. ఏడాదికి 3 కోట్ల 78 లక్షల సార్లు తెరుచుకుని మూసుకోవాలి. 10 ఏళ్లకు దాదాపు 38 కోట్ల సార్లు. మధ్యలో ఒక్కసారి బిళ్ల ఇరుక్కున్నా, కమ్మీ విరిగినా మనిషి దక్కడు.

మొదటి నమూనాలో కమ్మీని వలయానికి వెల్డింగు చేశారు. ఆ అతుకు దగ్గర లోహం పెళుసుబారి విరిగింది. రెండో నమూనాలో అతుకే లేకుండా టైటానియం దిమ్మ నుంచి మొత్తం చెక్కారు, బిళ్లను నీలమణి స్ఫటికంతో చేశారు. వేగంగా అరగదీసే పరీక్షలో టైటానియం తట్టుకోలేక అరిగిపోయింది. మూడోసారి వలయాన్ని కోబాల్టు కలిసిన హేన్స్ మిశ్రమలోహంతో చేశారు. యంత్రం మీద పరీక్షలు గట్టెక్కాయి. గొర్రెకు అమర్చారు. కొన్నాళ్లు బాగానే గడిచాక నీలమణి బిళ్ల పగిలి ఆ గొర్రె చనిపోయింది. నాలుగోసారి బిళ్లను అతి గట్టిదైన ఒక పాలిథిలీన్ రకంతో చేశారు. అది నిలిచింది. 1990 డిసెంబరు 6న మొదటిసారి ఒక రోగికి అమర్చారు. 1995 నుంచి టీటీకే సంస్థ దాన్ని తయారుచేసి అమ్ముతోంది. ఇప్పటికి లక్ష మందికి పైగా రోగుల గుండెల్లో ఆ కవాటం పనిచేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ మూడు వైఫల్యాలను మళ్లీ చూడండి. మొదటిది లోహశాస్త్రం తెలిసినవాళ్ల వైపు వేలు చూపిస్తుంది. రెండోది అరుగుదలను లెక్కగట్టినవాళ్ల వైపు. మూడోది జంతువులపై పరీక్ష జరిగే చోట బయటపడింది. తప్పు నాది కాదు అని ప్రతి విభాగమూ చెప్పుకోగలిగిన పరిస్థితి అది. బెంగళూరులోని జాతీయ విమానయాన ప్రయోగశాల లాంటి బయటి సంస్థ కూడా పరీక్షల్లో భాగస్వామి. అయినా ప్రతిసారీ వైఫల్యం మొత్తం ప్రాజెక్టుదే అయింది. ఏది ఎందుకు విరిగిందో వాళ్లు దాచుకోలేదు. జి.ఎస్. భువనేశ్వర్ వంటి ఇంజనీర్లు, వలియత్తాన్ గారు విఫలమైన నమూనాల సంగతి కూడా తమ పత్రాల్లో రాశారు. వలియత్తాన్ గారు 2024లో కన్నుమూశారు. ఆయన చేసిన శస్త్రచికిత్సల గురించి మనం చెప్పుకుంటాం. పుష్కర కాలం దాటినా ఒక బృందాన్ని చెదరకుండా పట్టి ఉంచడం కూడా వాటితో సమానమైన పనే.

ఇప్పుడు అదే పనిని మన విశ్వవిద్యాలయాల్లో మామూలుగా దొరికే మూడేళ్ల ప్రాజెక్టు చట్రంలో పెట్టి చూడండి. శాంక్షన్ లెటర్ వస్తుంది. మొదటి విడత డబ్బు వచ్చేసరికి కొన్ని నెలలు. పరికరానికి టెండరు, కమిటీ, తులనాత్మక పట్టిక, కొనుగోలు ఉత్తర్వు. అంతలో మార్చి 31 వస్తుంది. ఖర్చు కానిదానికి లెక్క చెప్పాలి, యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. అది చేరితేగానీ రెండో విడత కదలదు. అటు వైద్య కళాశాలలో ఎథిక్స్ కమిటీ అనుమతి ఇంకా రాలేదు, ఎందుకంటే పరికరం తుది రూపం చూపించమని కమిటీ అడుగుతోంది. పరికరం తుది రూపానికి రావాలంటే రోగుల కొలతలు కావాలి. కొలతలు తీసుకోవాలంటే కమిటీ అనుమతి కావాలి. ఈలోపు ఇంజనీరు దగ్గర జూనియర్ రీసెర్చ్ ఫెలో (జేఆర్ఎఫ్)‌గా చేరిన కుర్రాడు, నెలల తరబడి ఫెలోషిప్ రాక, బయట ఉద్యోగం దొరికి వెళ్లిపోతాడు. వాడికి తెలిసినదంతా వాడితోనే పోతుంది. మూడో ఏడు మొదటి నమూనా విఫలమయ్యే వేళకు ప్రాజెక్టు గడువు ముగుస్తుంది. తుది నివేదికలో ‘లక్ష్యాలు నెరవేరాయి’ అని రాసి మూసేస్తారు. చిత్ర కవాటం ఈ చట్రంలో పుట్టి ఉంటే వెల్డింగు దగ్గరే ఆగిపోయేది.

నాకు బాగా తెలిసిన ఒక చోట, పేరు అనవసరం, విదేశం నుంచి ఖరీదైన కొలత యంత్రం వచ్చింది. ఏ విభాగం గదిలో పెట్టాలో ముందు ఎవరూ రాసుకోలేదు. ఒకరి గదిలో త్రీ ఫేజ్ కరెంటు లేదు, ఇంకొకరి గదిలో ఏసీ లేదు. ఎవరి బడ్జెట్టు నుంచి వైరింగు చేయించాలన్న ఉత్తరాలు అటూ ఇటూ తిరిగాయి. పెట్టె విప్పేసరికి వారంటీ గడువు తీరింది. ఆ రెండు విభాగాల్లోనూ పనిమంతులే ఉన్నారు, ఆ యంత్రం అవసరం ఇద్దరికీ ఉంది. వైరింగు సంగతి తన బాధ్యత అనుకునే మనిషి ఒక్కరు లేరు. ఇలాంటివి చూసినప్పుడు నాకు కలిగే బాధ డబ్బు పోయినందుకు మాత్రమే కాదు. ఆ యంత్రం మీద పని నేర్చుకోవాల్సిన పిల్లలకు ఆ ఏళ్లు తిరిగి రావు.

ఆరోగ్య రంగంలో ఇంకో రకం కష్టం ఉంది. అక్కడ కొలత ఒక్కటిగా ఉండాలి. దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 1985, 86 ప్రాంతంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో ఒక విశేషం గమనించింది. పిల్లలకు రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు మొదలవలేదు. ఆ రకం వైరస్‌కు 116ఈ అని పేరు పెట్టారు. పసిపిల్లల ప్రాణాలు తీసే జబ్బుకు అదే టీకా కాగలదన్న ఆలోచన అక్కడ పుట్టింది. దాని వెనక భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, తయారీకి హైదరాబాదులోని భారత్ బయోటెక్. ఇంతమంది, ఇన్ని దేశాలు. 2015 మార్చిలో రోటావాక్ పేరుతో టీకా విడుదలైంది. 2016లో దేశంలో మొట్టమొదట రోటావైరస్ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎయిమ్స్ వార్డు నుంచి మన అంగన్‌వాడీ పిల్లల నోట్లో చుక్కలు పడేదాకా ముప్ఫై ఏళ్లు.

ఆ ముప్ఫై ఏళ్లలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది మూడో దశ పరీక్ష. 2011లో మొదలైన ఆ పరీక్షలో 6,799 మంది పసిపిల్లలు పాల్గొన్నారు. ఢిల్లీ, పుణె దగ్గరి పల్లెలు, వేలూరు: మూడు చోట్ల. తల్లులు మాట్లాడేది హిందీ, మరాఠీ, తమిళం. టీకా పనిచేసిందా లేదా అన్నది తేలేది బిడ్డకు వచ్చిన విరేచనాలు తీవ్రమైనవా కాదా అన్నదాని మీద. ‘బాగా నీరసించాడు’ అని ఒక తల్లి చెప్పే మాటకు, ‘పర్లేదమ్మా, ఒకట్రెండు సార్లు’ అని ఇంకో తల్లి చెప్పే మాటకు పొంతన ఎలా? దానికి వెసికారి కొలమానం అని ఒకటుంది. 24 గంటల్లో ఎన్నిసార్లు విరేచనమైంది, ఎన్ని రోజులు సాగింది, వాంతులు ఎన్ని, ఎన్నాళ్లు, జ్వరం ఎంత, ఒంట్లో నీరు ఎంత తగ్గింది, ఏ చికిత్స ఇవ్వాల్సొచ్చింది. ఇలా ఏడు అంశాలకు మార్కులు. మొత్తం 20. అందులో 11 గానీ ఆపైన గానీ వస్తే తీవ్రమైనది. వేలూరు పేటలో కార్యకర్త వేసిన 11, ఢిల్లీ బస్తీలో ఇంకో కార్యకర్త వేసిన 11 ఒకటే అయితేనే ఆ 6,799 మంది పిల్లల లెక్కకు అర్థం. అలా ఒకటి కావడానికి శిక్షణ ఇవ్వాలి, మళ్లీ మళ్లీ సరిచూడాలి, కాగితాలు కలిపి చూడాలి, తేడా వస్తే ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి. ఆ పని చేసినవాళ్ల పేర్లు వార్తల్లో రాలేదు. టీకా మొదటి ఏడాదిలో తీవ్ర రోటావైరస్ విరేచనాలను సగానికి పైగా ఆపుతుందన్న ఫలితం మాత్రం వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది.

ఇంధన రంగం నుంచి ఒక్క ఉదాహరణ చాలు. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి మన నగర ప్రాంతంలో వాణిజ్య భవనాల పైకప్పులకు తెల్లరంగు వేసి కరెంటు ఎంత ఆదా అవుతుందో కొలిచాయి. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏడాదికి 20 నుంచి 22 యూనిట్లు, మామూలు కాంక్రీటు కప్పుకు వేస్తే 13 నుంచి 14 యూనిట్లు ఆదా అని 2012లో ప్రచురించిన పత్రంలో లెక్క తేల్చారు. అంటే 100 చదరపు మీటర్ల కాంక్రీటు కప్పుకు ఏడాదికి 1,300 యూనిట్లకు తక్కువ కాదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చి, రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు ఇలా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. మంచి సంగతి. కానీ ఆ కొలతలు ఏసీలున్న భవనాలవి. ఏసీ లేని రేకుల ఇంట్లో, మే నెల రాత్రి, పసిబిడ్డను పక్కలో వేసుకుని పడుకున్న తల్లికి ఆ తెల్లరంగు ఎంత మేలు చేస్తుందో తేలాలంటే ఇంజనీర్ల పక్కన డాక్టర్లు, పట్టణ ఆరోగ్య కేంద్రాల వాళ్లు కూర్చోవాలి. రేపటి ఉమ్మడి ప్రాజెక్టుకు అంతకన్నా మంచి అంశం మన రెండు రాష్ట్రాల్లో ఏముంటుంది?

మరి నడిపించే పనికి మన దగ్గర ఉన్న విలువ ఎంత? యూజీసీ 2018 నిబంధనల్లో అధ్యాపకుల పరిశోధనకు మార్కులు వేసే పట్టిక ఒకటుంది. ఇద్దరు కలిసి పత్రం రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం మార్కులు. అంతకన్నా ఎక్కువమంది రాస్తే ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. ఉమ్మడి ప్రాజెక్టయితే ప్రధాన పరిశోధకుడికి (పీఐ), సహ పరిశోధకుడికి (కో-పీఐ) చెరి సగం. మూడు ఊళ్ల మధ్య తిరిగి, ఉత్తరాలు రాసి, ఎథిక్స్ కమిటీ అడిగిన ప్రశ్నలను ఇంజనీర్లకు అర్థమయ్యేలా చెప్పి, డేటాను ఒక చోట చేర్చిన మనిషికి ఆ పట్టికలో గడి లేదు. పదోన్నతి కావాలనుకునే ఒక యువ అధ్యాపకురాలికి ఈ పట్టిక ఏం చెబుతోంది? ఎనిమిది మందితో కలవకు, ఒక్కరితోనే రాసుకో అంటోంది. ఒకవైపు కలిసి రండి అని నిధులు, ఇంకోవైపు కలిసినవాళ్లకు మార్కుల్లో కోత. ఇది అన్యాయం.

ప్రపంచంలో చాలా పత్రికలు ఇప్పుడు ‘క్రెడిట్’ అనే పద్ధతి పాటిస్తున్నాయి. ఒక పత్రం వెనక ఎవరు ఏం చేశారో 14 రకాల పాత్రలుగా విడదీసి చెప్పాలి. ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, లెక్కలు ఎవరివి, రాసిందెవరు. ఆ 14లో ప్రాజెక్టు నిర్వహణ కూడా ఒకటి. అమెరికా ప్రమాణాల సంస్థలు 2022లో దీన్ని ప్రమాణంగా స్వీకరించాయి. మన విశ్వవిద్యాలయాలు పదోన్నతి దరఖాస్తులో ఆ ఒక్క గడి చేర్చడానికి ఎవరి అనుమతీ పెద్దగా అక్కర్లేదనే నేననుకుంటాను.

ఒప్పందాల విషయం కూడా అలాంటిదే. ఎంఓయూ మీద సంతకాలు పెట్టి, శాలువాలు కప్పి, ఫొటో దిగాక ఆ కాగితం బీరువాలోకి వెళుతుంది. అసలు రాసుకోవాల్సినవి అందులో ఉండవు. పేటెంటు వస్తే ఎవరికెంత? రోగుల వివరాలు ఎవరి కంప్యూటర్లో ఉంటాయి, ప్రాజెక్టు అయిపోయాక ఎవరు చెరిపేస్తారు? పీహెచ్‌డీ విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో ఏ భాగం వాడుకోవచ్చు? ఒక భాగస్వామి మధ్యలో తప్పుకుంటే పరికరం ఎవరిది? బ్రిటన్‌లో లాంబర్ట్ సమీక్ష తర్వాత 2005 నుంచి విశ్వవిద్యాలయాలకు, కంపెనీలకు పనికొచ్చే నమూనా ఒప్పందాలను ప్రభుత్వమే సిద్ధంగా పెట్టింది. వాళ్ల పరిస్థితికి సరిపోయేది తీసుకుని, ఖాళీలు నింపుకుంటే చాలు. మన ఉన్నత విద్యా మండళ్లు ఇలాంటివి తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ తయారు చేయించి అందరికీ ఇవ్వవచ్చు. పలు కేంద్రాల్లో జరిగే వైద్య పరిశోధనకు ఉమ్మడి ఎథిక్స్ సమీక్ష జరిపే దారిని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ఇప్పటికే చూపించాయి. ఆ దారిని వాడుకుంటే నెలలు కలిసొస్తాయి.

పల్లెటూళ్లలో పెరిగినవాళ్లకు నీరటి తెలుసు. చెరువు కింద ఆయకట్టులో ఎవరి మడికి ఎప్పుడు తూము తియ్యాలో, ఎంతసేపు పారించాలో చూసేవాడు. ఆ నీళ్లు అతనివి కావు, ఆ పొలాలు అతనివి కావు. అయినా అతను లేకపోతే చివరి మడికి నీరు చేరదు. రైతులు అతని పనిని పనిగా గుర్తించారు. పంట నూర్చాక కళ్లంలో ప్రతి రైతూ అతనికి మేర కొలిచి ఇచ్చేవాడు. ఉమ్మడి పరిశోధనకు అలాంటి మనిషి ఒకరు కావాలి. పీఐ గారికి క్లాసులు, పరీక్షలు, బోర్డు మీటింగులు ఉంటాయి. ఆయన ఖాళీ దొరికినప్పుడు చూసుకునే పని కాదిది. శాస్త్రం తెలిసి, లెక్కలు తెలిసి, డాక్టరుతో డాక్టరు మాటల్లో, ఇంజనీరుతో ఇంజనీరు మాటల్లో మాట్లాడగలిగి, అకౌంట్స్ సెక్షన్ గుమస్తా గారిని పేరు పెట్టి పలకరించగలిగే పూర్తికాలపు ఉద్యోగి ఉండాలి. ప్రతి భాగస్వామికీ ఓవర్‌హెడ్ పేరుతో కొంత వాటా వస్తుంది కదా, అందులోంచి తలా కొంత వేసి ఆ జీతం ఇవ్వవచ్చు. నెలకోసారి అందరినీ కూర్చోబెట్టి, ఏది ఆగింది, ఎవరి దగ్గర ఆగింది అని అడిగే అధికారం అతనికో, ఆమెకో ఉండాలి. పీఐని కూడా అడగగలగాలి.

ఈ ఉద్యోగానికి ఎవరొస్తారని అడిగేవాళ్లున్నారు. పీహెచ్‌డీ పూర్తిచేసి, అధ్యాపక పోస్టుల నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. ప్రయోగశాలలో చెయ్యి తిరిగినవాళ్లు, రాయగలవాళ్లు. వాళ్లకు గౌరవం, స్థిరమైన జీతం, ఎదిగే దారి చూపిస్తే ఈ పనికి వాళ్లకన్నా తగినవాళ్లు ఎక్కడున్నారు? ఆరు నెలలకోసారి పొడిగించే కాంట్రాక్టు మీద తీసుకుంటే మాత్రం లాభం లేదు. ఒక కవాటానికి నాలుగు నమూనాలు పట్టాయి. ఆ నాలుగింటినీ గుర్తుంచుకునే మనిషి అక్కడే ఉండాలి.

ఈ ప్రసంగం వింటున్న వైస్ ఛాన్సలర్లకు, ప్రిన్సిపాళ్లకు, ఆస్పత్రుల సూపరింటెండెంట్లకు నాదొక్కటే విన్నపం. మీ సంస్థ నుంచి ఈ ఏడాది వెళ్లబోయే ఉమ్మడి ప్రతిపాదనల్లో ఏదో ఒకదాన్ని తీసుకోండి. దాని బడ్జెట్టులో పరికరాల పద్దు, ప్రయాణాల పద్దు చూశాక, ప్రాజెక్టు నిర్వాహకుల జీతం పద్దు ఉందో లేదో చూడండి. లేకపోతే సంతకం పెట్టే ముందు ఆ పద్దు రాయించండి. ఆ ప్రతిపాదన రాసిన అధ్యాపకుల్ని పిలిచి, మీ భాగస్వాములతో పేటెంటు, డేటా, విద్యార్థుల సంగతులు కాగితం మీద పెట్టుకున్నారా అని అడగండి. ఈ రెండు పనులకూ కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. మీ సంతకం చాలు.